బొంగురు గొంతుల పాటలు

మొన్న కువైట్‌లో, ఎగైలాలో మాల్ బయట బస్సు కోసం నిలబడి ఉంటే, సిగ్నల్ దగ్గర ఆగిన ఒక పెద్ద పికప్ బండిలోంచి ఆ గిటార్ వినిపించింది. తీగ మీద ఇనుప ముక్క జారుతున్నట్టు, ఏడుస్తున్న మనిషి మధ్యలో ఊపిరి లాగినట్టు ఉంటుందది. నాకు తెలియకుండానే తల ఊపాను. పక్కనున్న మా చెల్లెలి కూతురు సునీత నవ్వింది. "పెద్దమ్మా, ఇంగ్లీషులో నీళ్ళడగను గూడా రాదు నీకు. ఆ పాటకు తల ఊపేదేంది? ఎవురన్నా చూస్తే నగుతారు." నగనీ. నాకు సంతకం తప్ప రాయడం రాదు. అందుకే నేను చెబుతుంటే ఆ సునీతే ఇది రాస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

ఆ పాటలు నాకు నేర్పినవాడు అబ్బులన్న. కోనసీమ మనిషి. రుమైథియాలో నేను పనిచేసిన ఇంట్లో డ్రైవరు. అంతకుముందు ఒక అమెరికా ఇంజనీరు దగ్గర బండి నడిపాడట; ఆ దొర వెళ్ళిపోతూ ఒక సంచెడు క్యాసెట్లు ఇతనికిచ్చి పోయాడు. నేనేమో చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని రాయచోటి వైపు నుంచి వచ్చినదాన్ని. పుట్టినప్పటి నుంచీ నాది బొంగురు గొంతు. భజనలో కూర్చుంటే "నువ్వు తాళం వెయ్యి, చాలు" అనేవాళ్ళు. మొగుడు పోయాక మంగళహారతి దగ్గరికే రానివ్వలేదు. ఒకరోజు అబ్బులన్న కారు కడుగుతూ పాట పెట్టాడు. వంటింటి గుమ్మంలో కొత్తిమీర ఏరుతున్నదాన్ని, వింటూ వింటూ ఏడ్చేశాను. మా వైపు చావింట్లో ఆడవాళ్ళు పోయినవాళ్ళ కర్ర, కంబళి, నడిచిన దోవ, అన్నీ వరసగా చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. ఆ పాడే మనిషీ అదే చేస్తున్నాడనిపించింది. "ఎవురు పోయింది అన్నా? పెండ్లామా?" అని అడిగాను. అబ్బులన్న చేతిలో గుడ్డ పడేసి నవ్వాడు. "పెళ్ళాం కాదు చెల్లెమ్మా, కుక్క! ఆయన కుక్క చచ్చిపోయిందంట!"

"కుక్కయితే ఏమి? నా మొగుడు గొర్రెలు కాసేటోడు. ఆయప్ప పోయినాక మా కుక్క కూడు ముట్టకుండా ఆయన పండుకునే తావులోనే పడి చచ్చింది. ఎవురేమనుకుంటారో అని దానికోసం అప్పుడు ఏడవలేదు. ఇప్పుడు ఏడుస్తాండా. నీకేమి నొప్పి?" అన్నాను. అతని నవ్వు ఆగిపోయింది. ఆనాటి నుంచి ప్రతి పాటకూ కథ చెప్పేవాడు. "ఈటిని కంట్రీ పాటలంటారు చెల్లెమ్మా. పల్లెటూరోళ్ళ పాటలన్నమాట. ఇందులో నున్నటి గొంతు ఒక్కటి చూపించు. అన్నీ నీలాంటియ్యే. పాడవేంటి మరి?" నన్ను పాడమన్న మొదటి మనిషి అతనే.

తర్వాత కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చింది. మామా, అంటే మా యజమానురాలు, పిల్లలతో వేసవికని వేరే దేశం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. చుట్టుపక్కల ఇళ్ళలో పనిచేసే మనవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మా దగ్గర చేరారు. వాళ్ళందరికీ పెద్ద గంగమ్మక్క, కడప మనిషి. అబ్బులన్న టేపు పెట్టగానే ఆమె మీదపడింది. "ఏమబ్బా, నీకాడ దేవుని పాటే లేదా? బయట తుపాకులు పట్టుకోని తిరుగుతాంటే అమెరికా పాట పెడతావా? మనల్ని వాళ్ళ మనుషులనుకోని కాల్చి పారేస్తే? ఆ ఏడుపుగొట్టు పాటకు పానాలిడవాల్నా?"

"ఏడుపొచ్చే కాలంలో ఏడుపు పాట కాక ఇంగేం పెడతారక్కా?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకోమ్మే, పగిలిన కుండా!"

ఇంటి వ్యానులో సరిహద్దు దాటిపోదామని అనుకున్నప్పుడు, టేపులుంటే బండే ఎక్కనని గంగమ్మక్క తెగేసి చెప్పింది. అబ్బులన్న వాదించలేదు. సంచి తీసుకెళ్ళి వంటింటి గట్టు మీద పెట్టి, "పేనం కన్నా పాట గొప్పదేం కాదులే చెల్లెమ్మా" అన్నాడు. టేపులు వదలడం వరకు సరే. ఆ మాట మాత్రం నేనిప్పటికీ ఒప్పుకోను.

ఎండకు అద్దాలన్నీ దించి పోతున్నాం. అలవాటు కొద్దీ అబ్బులన్న ఆ కుక్క పాటనే ముక్కుతో కూనిరాగం తీస్తున్నాడు. దారిలో ఆపిన ఇరాక్ సిపాయి అది విన్నాడు. ఏం పాటని అరబ్బీలో అడిగాడు. "హిందీ" అన్నాడు అబ్బులన్న. సిపాయి తుపాకీ కొన అతని వైపు ఊపుతూ, అయితే పాడు అన్నాడు. అబ్బులన్న పెదవులు అతుక్కుపోయాయి. ఆ పాటకు అతనికి తెలిసిన మాటలన్నీ ఇంగ్లీషువే. నోట్లోంచి అవి బయటపడితే ఏమవుతుందో బండిలో అందరికీ తెలుసు. గంగమ్మక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నేను పాట ఎత్తుకున్నాను. వరస ఆ పాటదే, మాటలు నావి. మా కుక్క, నా మొగుడి కర్ర, వానకు తడిసిన కంబళి, ఖాళీ అయిన గొర్రెల దొడ్డి, అన్నీ తెలుగులో రాగం తీశాను. ఆయన చావింట్లో కూడా నేనంత గొంతెత్తలేదు. సిపాయి మొహం చిట్లించి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఖలాస్, ఖలాస్! యల్లా!" చాలు, ఇక పొండని.

బండి కదిలింది. గంగమ్మక్క నా మణికట్టు వదిలింది. "వాడు జాలిపడి ఇడ్సలేదుమ్మే. నీ గొంతు ఇనలేక ఇడ్సినాడు." బండి బండంతా ఏడుస్తూనే నవ్వింది.

"ఇనలేకనో ఇనో, దోవ ఇచ్చినాడా లేదా?" అన్నాను.

"ఇచ్చినాడులే. గొంతు ఆరనీకు, ముందర ఇంగా ఆపుతారంట."

సరిహద్దు దాటి, విమానమెక్కి బొంబాయిలో దిగాక అబ్బులన్న రైలు వేరు, నా రైలు వేరు. "గొంతుకి మందూ మాకూ అంటా బాగుచేయించుకోకు చెల్లెమ్మా" అన్నాడు. మళ్ళీ అతన్ని చూడలేదు. నేను తిరిగి కువైట్ వచ్చిన కొన్నేళ్ళకు, పోయాడని కబురు తెలిసింది. ఆ వేళ పనిచేసే ఇంటి మిద్దె మీద బట్టలు ఆరేస్తూ, అతని ఖాకీ చొక్కా, కారు తుడిచే గుడ్డ, ఆ నవ్వు, అన్నీ వరసగా చెప్పి పాడాను.

అర్థం కాని పాట కోసం ఎందుకీ పోట్లాట అంటుంది సునీత. అర్థం కాలేదని ఎవరు చెప్పారు? పోయినదాన్ని పేరు పెట్టి పిలవడానికి ఏ భాషయితే ఏమి, ఏ గొంతయితే ఏమి? మొన్న సిగ్నల్ పచ్చబడి ఆ పికప్ వెళ్ళిపోయింది. మిగతా పాట బస్సులో నేనే పాడాను, బొంగురుగానే. ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగి చూశాడు. సునీత నా మోచేయి గిల్లింది. నేను ఆపలేదు.