ఎవరు తోడారో తెలియని నీళ్లు

దెయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. అప్పట్లో లా రెండో సంవత్సరం చదువుతున్నాను. సాక్షి లేని సంగతిని నమ్మకూడదని నేర్పారు. న్యాయం మాత్రం ఇంకా సిలబస్‌లోకి రాలేదు.

తొంభైల మొదట్లో, వానలు వరసగా ఎగ్గొట్టిన ఒక వేసవి. మాది కర్ణాటకలో, ఆంధ్రా సరిహద్దు పక్కనుండే వై.ఎన్.హొసకోట. తుమకూరులో చదువుతూ, సెలవుల్లో పావగడలో ఒక సీనియర్ లాయరు దగ్గర చేరాను. కొండల కోసం, నీళ్ల కోసం కేసులు వేసే మనిషి ఆయన. ఇంటర్న్‌షిప్ అనే మాట మాకు తెలియదు. ఫైళ్లు మోయడం అనేవాళ్లం. ఇంట్లో నన్ను భావి లాయరు అని మురిసిపోయేవాళ్లు. మొదటి వారంలోనే బావి లాయరునయ్యాను.

మంగళవాడ అవతల ఒక చిన్న ఊరు. వేరుశెనగ ఎండిపోయింది, బోర్లు లోతుకు పోయాయి. ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్. తాగినవాళ్లకు పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయేవి. మిగిలిన మంచినీళ్లు కొండ కింది చేదబావివి. ఇప్పుడు ఆ కొండ మీద క్వారీ మొదలైంది. కేసు వేసింది నారాయణప్ప అనే రైతు. ఆయన ఎనిమిదేళ్ల కూతురికి అప్పటికే మోకాళ్లు వంకర తిరుగుతున్నాయి. క్వారీ ఆగితే బావి మిగులుతుంది. బావి మిగిలితే ఆ పిల్ల నడుస్తుంది. కేసంతా అంతే.

ఆ బావి ఎప్పుడో ఎండిపోయిందని కాంట్రాక్టరు వాదన. ఊరివాళ్ల మాట ఒక్కటే చాలదు, నీళ్ల శాంపిల్ తెమ్మంది కోర్టు.

నా పని తేలిక. నారాయణప్పతో వెళ్లి రెండు సీసాల్లో నీళ్లు పట్టాలి, సీలు వేయాలి, తోడినవాళ్ల పేరు రాసి వేలిముద్ర తీసుకోవాలి.

ఆ రోజు ఏం బుద్ధి పుట్టిందో గానీ బస్సు టైముకి వచ్చింది. నారాయణప్పే రాలేదు. చూసి చూసి ఒక్కణ్ణే కొండ వైపు నడిచాను. మిట్టమధ్యాహ్నం. గుక్కెడు నీళ్లు తెచ్చుకోవాలన్న తెలివి కూడా లేదు.

బావి కనిపించింది. రెండు రాతి స్తంభాలు, మధ్యలో గిలక. ఆకుపచ్చ చీర కట్టుకున్న నడివయసు ఆవిడ నీళ్లు తోడుతోంది. చేతుల నిండా పచ్చబొట్లు. దోసిలి పట్టాను, పోసింది. పళ్లు జివ్వుమన్నాయి. చొక్కా ముందంతా తడిసింది. సీసాలు చాపితే రెండూ నింపింది.

"కోర్టులో చెప్పప్పా, ఈడ నీళ్లుండాయని," అంది.

పేరు అడగాలి. అడగలేదు. మా వైపు నీళ్లు పోసే మనిషి పేరు అడిగితే కులం అడిగినట్టే. తాగాక అడగడం మరీ అవమానం. నేను అలాంటివాణ్ణి కాదని చూపించుకోవాలనిపించింది. దండం పెట్టి వచ్చేశాను. సంస్కారం నిలబెట్టుకుని సాక్షిని పోగొట్టుకున్నాను.

ఊరి మొదట్లోనే నారాయణప్ప ఎదురయ్యాడు. పొద్దున కూతురు మంచం దిగలేకపోయిందట, అందుకే ఆలస్యం. సీసాలు చూసి యాడివని అడిగాడు. చెప్పాను.

"ఆ బాయి యాడుండాదప్పా?" అన్నాడు నెమ్మదిగా. "ఆదివారమే రాళ్లు పోసి పూడ్సేసినారు. అది సూపించాలనే ఉన్నా నీకు."

అది బుధవారం. ఇద్దరం పరుగున వెళ్లాం. నేను నిలబడ్డ చోటే. గట్టు అంచుదాకా క్వారీ రాళ్లు. స్తంభాలున్నాయి, గిలక లేదు. నేల మీద చుక్క తడి లేదు. నా చొక్కా మాత్రం ఇంకా తడిగానే ఉంది.

ఎండకు దారి తప్పి ఇంకో బావికి వెళ్లానేమోనని సాయంత్రం దాకా వెతికాం. ఆ కొండ కింద ఇంకో బావి లేదు. ఆవిడ గుర్తులు చెబితే ఊళ్లో సగం మంది ఆడవాళ్లు సరిపోయారు. ఒక్కొక్కరినే చూశాను. ఎవరూ ఆవిడ కాదు.

ఒక సీసా పరీక్షకు వెళ్లింది. మంచినీళ్లని రిపోర్టు వచ్చింది. కోర్టు ఒప్పుకుంటే క్వారీని ఆపించి, బావిలో రాళ్లు తీయించొచ్చు. సీనియర్ ఒకటే అడిగారు, తోడిందెవరని. పేరు లేకపోతే అవి తుమకూరు కొళాయి నీళ్లని కొట్టిపారేస్తారన్నారు. వాయిదా మర్నాడే. మళ్లీ ఊరికి పరుగెత్తాను.

అప్పుడు నారాయణప్ప భార్య లక్ష్మక్క ముందుకొచ్చింది. ఆమెకు మెడ బిగుసుకుపోయింది. నా వైపు చూడాలంటే మనిషంతా తిరగాలి.

"పూడ్సకముందే నేను తోడి పెట్టినా అని రాయప్పా. ఏలిముద్ర ఏస్తా."

"నువ్వు తోడలేదు కదక్కా."

"ఎవురో ఒకరు తోడినారు గదా. సీసాలో నీళ్లుండాయి గదా. నా బిడ్డ కాళ్లు సూసి రాయి."

కాగితం ముందు గంటసేపు కూర్చున్నాను. రాయలేదు. నిజాయితీ అని చెప్పుకోను. దొంగ అఫిడవిట్ బయటపడితే నా చదువు పోతుందని భయం. ఆమె అప్పటికే బొటనవేలికి సిరా పూసుకుంది. నా మొహం చూసి, కొంగుకు తుడుచుకుంది.

కోర్టు ఆ సీసాను లెక్కలోకి తీసుకోలేదు. క్వారీ మీద స్టే రాలేదు. రెండు రోజుల్లో కొండ మీద పేలుళ్లు మళ్లీ మొదలయ్యాయి.

రెండో సీసా ఇక ఎవరికీ అక్కర్లేదు. దాన్ని తీసుకుని నారాయణప్ప ఇంటికి వెళ్లాను, ఏ మొహం పెట్టుకుని వెళ్లానో తెలియదు. లక్ష్మక్క లక్క సీలు పగలగొట్టి ఒక గుక్క నోట్లో పోసుకుంది. చాలాసేపు మింగలేదు.

"మా బాయివే," అంది.

ముప్పై ఏళ్లుగా వకీలు పని చేస్తున్నాను. పూడిపోయిన బావిలోంచి ఆ నీళ్లు నాకు ఎలా వచ్చాయో, పోసింది ఎవరో ఈనాటికీ చెప్పలేను. చెప్పమని ఎవరైనా బోనెక్కిస్తే మొదటి ప్రశ్నకే ఓడిపోతాను.

ఆ రోజు సీసాలో మిగిలిన నీళ్లన్నీ లక్ష్మక్క కూతురికి తాగించింది. ఆ పిల్ల లోటా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఇంకొంచెం పొయ్యమని నా వైపు చాపింది.