తొమ్మిది రోజుల పథ్యం

2004 మే 16, ఆదివారం. చండ్రుగొండలో మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు, అతని భార్య, జీడి పెట్టడానికి పిలిపించిన పెద్దాయన.

ఆ రోజు నా డైరీ ఇలా మొదలవుతుంది. మా బావమరిదికి ఛాతీలో కుడి పక్క నొప్పి మొదలై అప్పటికి పది రోజులు. పోటు కాదు, మంట కాదు. లోపల ఎవరో బరువు పెట్టినట్టు ఉందనేవాడు. బీడీల తునికాకు కల్లంలో బస్తాలు లారీకెత్తే పని అతనిది. అందుకని పక్క పట్టేసిందని నేను, గ్యాసని నా భార్య.

“గ్యాసేంది అక్కా, నీ పప్పు తినక వారమాయె,” అన్నాడు.

పెద్దాయన నల్లజీడి గింజను దీపం మీద కాల్చి, కారిన నూనెతో పక్కటెముకల మీద ఐదు చుక్కలు పెట్టాడు. చర్మం పొంగి పుండ్లయితే లోపలి నొప్పి వాటి వెంట పోతుందని మా వైపు నమ్మకం.

“తొమ్మిదొద్దులు ఉప్పు, పులుపు బంద్. వేరే మందు ముట్టొద్దు. ముడితే జీడి తిరగబడతది,” అన్నాడాయన.

“తిరగబడి ఎటు పోతది తాతా, బస్సెక్కి పెనుబల్లి పోతదా?” అన్నాడు మా బావమరిది. అందరం నవ్వాం.

పుండ్లు పొంగాయి. రోజులు లెక్కపెట్టే పని నేను తీసుకున్నాను. సాయంత్రాలు జ్వరం వస్తుంటే పుండ్ల వల్లనే అనుకున్నాం. నొప్పి తగ్గిందని అతనూ చెప్పాడు. లోపల నీరు చేరేకొద్దీ నొప్పి అలా తగ్గవచ్చని తరువాత తెలిసింది. ఆరో రోజు పెరట్లోకి వెళ్లి రావడానికే ఆయాసపడ్డాడు.

“అన్నా, నాకు భయమైతాంది. జల్దీ ఖమ్మం దవాఖానాకు తీస్కపోదాం,” అంది అతని భార్య.

“ఇంక మూడొద్దులే గదమ్మా. ఇంత చేసి ఇప్పుడు చెడగొట్టుకుంటమా?” అన్నాను.

ఇంట్లో చదువుకున్నవాణ్ణి, ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి నేనే. ఆమె ఉప్పులేని గంజి కాచడానికి వెళ్లింది.

తొమ్మిదో రోజు పొద్దున అతను మాట పూర్తి చేయలేకపోయాడు. కిరాయి జీపులో ఖమ్మం తీసుకువెళ్లాం. డాక్టరు వీపు మీద వేళ్లతో తట్టి, ఎక్స్‌రే చూసి చెప్పాడు. ఒక పక్క ఇలాంటి నొప్పి కండరం వల్ల రావచ్చు, పక్కటెముక వల్ల రావచ్చు, కడుపు, గుండె, ఏదైనా కావచ్చు, చూడకుండా చెప్పలేం. ఇతనికి ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టింది. గొట్టం వేస్తే సీసా నిండింది.

“జ్వరం మొదలైన్నాడే ఎందుకు రాలేదు?” అని అడిగాడు. పథ్యం అని చెప్పాను.

మరుసటి రోజు ఉదయం ఆరున్నరకు మా బావమరిది చనిపోయాడు. అతని భార్య ఏడవకుండా డాక్టరు దగ్గరికి వెళ్లింది.

“మూడొద్దులు ముందు తెస్తే బతికేటోడా సారూ?”

“బతికే అవకాశం ఉండేదమ్మా.”

శవాన్ని జీపులోకి ఎక్కించారు. నా భార్య ఒక పక్క కూర్చుంది. రెండో పక్క నాకు చోటుంది. నేను కాలు పైకి పెట్టబోతుంటే మా బావమరిది భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు బస్సుల రా అన్నా.”

బస్టాండుకు నడిచాను.