శనివారం కొన్న నెయ్యి

అమ్మాయీ, కాన్పయ్యాక నడుము నొప్పి తగ్గిందా? పసిదానికి పాలు చాలుతున్నాయా? అల్లుడి దగ్గు ఎలా ఉంది? నాకెప్పుడూ మీ దిగులే.

ఈ రోజు నీ పథ్యానికి నెయ్యి కోసం అనంతపురం బజారులో అంగళ్లన్నీ తిరిగాను. ఎక్కడ చూసినా వనస్పతి కలిపారేమోనని అనుమానమే. చివరి అంగట్లో వాసన బాగుంది. అయినా అంగడాయనను అడిగాను.

"ముందు నువ్వు తిని చూపించప్పా."

"శనివారం ఒక్కపొద్దుండా అవ్వా. పొద్దు మునిగినాకనే తినేది."

"నెయ్యి అమ్మేటోనికి బాగానే కుదిరిండాది ఒక్కపొద్దు! అందాకా ఈడనే కూచుంటా."

"కూచో. వచ్చినోళ్లను బెదరగొట్టకుంటే సాలు."

మెట్టు మీదే కూర్చున్నాను. దీపం పెట్టాక అతను నా ముందే అన్నంలో నెయ్యి పోసుకుని తిన్నాడు. అప్పుడు కొన్నాను. కానీ తను పోసుకున్నదీ నాకు కొలిచిందీ ఒకే డబ్బాలోదేనా? మసక వెలుతురులో సరిగా చూడలేదు. నువ్వైతే నమ్ముతావా? అల్లుణ్ణి కూడా అడిగి రాయి.

అందుకే ఈ పూట నుంచి ముందు నేనే తింటున్నాను. ఏమీ కాకపోతే వచ్చే గురువారం పొద్దుటి బస్సుకు తెస్తాను. ఆ బస్సులో నేను దిగలేదంటే, ఎవరు తెచ్చిచ్చినా ఆ నెయ్యి ముట్టవద్దు.