ప్రెసిడెంటుగారి చూపుడు వేలు

తొంభైల చివర్లో, రాజమండ్రిలో పెట్టబోయే రైలు మ్యూజియం కోసం మేం నలుగురం ప్రతి ఆదివారం ఒక పాత బొగ్గు ఇంజనుకు పట్టిన తుప్పు గీకేవాళ్లం. జీతం లేని పని. గోళ్లలో ఇరుక్కున్న మసి సోమవారం మాతోపాటు ఆఫీసుకు కూడా వచ్చేది. మా కమిటీ ప్రెసిడెంటుగారు మాత్రం సరిగ్గా టీ వేళకు, గంజి పెట్టిన తెల్లచొక్కాలో దిగేవారు. ఇనుప బ్రష్షు ఒక్కనాడూ పట్టిన మనిషి కాదు. ఇంజను మీద చూపుడు వేలు రాసి, అంటిన దుమ్ము మా మొహాల ముందు పెట్టి, "ఏంటండీ ఇది?" అనేవారు. ఆయన సేవంతా ఆ వేలితోనే.

దసరాకు ఆయుధపూజ చేసి ఇంజనును జనానికి చూపించాలని ముహూర్తం పెట్టారు. ముందురోజు సాయంత్రం బాయిలరుకు ఆఖరి పూత నల్లరంగు వేసి కిందికి దిగామో లేదో, ఆయన వచ్చారు.

"తడిగా ఉందండీ, ముట్టుకోకండి!" అని అరిచాను.

అప్పటికే వేలు పెట్టేశారు. నల్లబడ్డ వేలు చూసుకుని, "ఇంకా ఆరలేదేంటండీ? మీకు ఏ పనీ చేతకాదండీ!" అంటూ నా భుజం మీది తువ్వాలుకు తుడుచుకుని వెళ్లిపోయారు.

మర్నాడు పసుపు కుంకుమ బొట్లు పెట్టిన ఇంజను ముందు, మెడలో దండతో, మైకులో "ఈ చేతులతో దీనికి ప్రాణం పోశానండి" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

డబ్బాలో రంగు మిగిలే ఉంది. అయినా ఆ వేలిముద్రను మాలో ఎవరం దిద్దలేదు. ఆ ఇంజనుకు ఆయన చేసిన పని అదొక్కటే కదా, ఉండనీ అనుకున్నాం.