స్కాట్లాండ్ జావకు మా ఇంటి తెడ్డు

రేపు బడిలో దేశాల వంటల పండుగ. మా పాపకు స్కాట్లాండ్ వచ్చింది. అక్కడివాళ్లు నీళ్లలో ఓట్స్, ఉప్పు వేసి, కట్టెతో కలుపుతూ జావ కాస్తారట. ఈ సాయంత్రం కాచి చూద్దామని, గోడకు తగిలించిన వాళ్లమ్మ సంగటి తెడ్డును పాప తీసింది. ఆమె పోయినప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు.

"అది ఆడ పెట్టు. గరిటె తీసుకో." నా గొంతు పెరిగింది.

"గరిటెతో ఉండ కడతాది నాయనా. అమ్మ ఎప్పుడూ అనేది కదా."

పాప తెడ్డు వదల్లేదు. నీళ్లు మరుగుతున్నాయి. చివరికి ఓట్స్ నేనే పోశాను, పాప తెడ్డుతో కలిపింది. ఒక్క ఉండ కట్టలేదు.

తాగాక తెడ్డు కడిగి, గోడకు తగిలించకుండా పొయ్యి పక్కన పెట్టింది. నేనూ దాన్ని అక్కడే ఉంచాను.

ఉప్పు మాత్రం ఎక్కువైంది. ఎంత వేయాలో తెలిసినవాళ్లు చెప్పండి, రేపు పిల్లలు తాగాలి.