టీచరక్కకు మిద్దె తెరిచారు

మా పై వాటాలో ఉండే టీచరక్క మంగళవారం తెల్లారేసరికి లేదు. నిద్రలోనే పోయింది. చెన్నై తిరువొత్తియూరులోని మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మలు వరసగా పడ్డాయి. ‘తీరని లోటు’ అని అసోసియేషన్ సెక్రటరీ రాశాడు. ఆమె బతికుండగా లోటు చేసిందెవరో కూడా ఎవరో ఒకరు రాయాలి కదా. చావింట్లో తగువా అంటారు. మరి ఎక్కడ పెట్టుకోమంటారు?

ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. మిద్దె మీద టెలిస్కోపు పెట్టి, చేపలమ్ముకుని ఇళ్లకు పోయే ఆడవాళ్లను పైకి పిలిచి ఆకాశం చూపించేది. ఎక్కువగా చూపించింది ఒక సుడి గెలాక్సీని, దాన్ని ఆనుకుని ఉన్న చిన్న గెలాక్సీని. ముందు ఫోటో, తర్వాత టెలిస్కోపు. “ఈడినించి చూస్తే రెండు మసక మచ్చలే. సుడి కనపడదు, మన లైట్లు అట్టాంటివి” అని ముందే చెప్పేసేది. అబద్ధంతో ఆశ్చర్యపరచడం ఆమెకు చేతకాదు.

నాకు ఊరుకోవడం చేతకాదు. “పెద్దది చిన్నదాన్ని మింగుతోంది. పైన కూడా ఇదే న్యాయమన్నమాట” అన్నానొకసారి.

“ఆడ కూడా నీకు ఆసామీ, కూలీ కనపడినారా తమ్ముడూ? చిన్నదాని లాగుడుకే గదా పెద్దదాని సుడి చెయ్యి అట్ట సాగింది. ఆ కుదుపుకే కొత్త నక్షత్రాలు పుడతా ఉండాయి.”

“చివరికి మింగుతుందా, లేదా? అది చెప్పక్కా.”

“కలిసిపోతాయి. అప్పుడు పెద్దదానికీ ఈ రూపు మిగల్దులే, పో.”

పెద్దదానికీ రూపు మిగలదన్న ఆ మాట పట్టుకునే ఇన్నాళ్లూ అందరితో పోట్లాడాను.

తర్వాత అసోసియేషన్ వాళ్లు మిద్దెకు తాళం వేశారు. కారణం, మెట్ల మీద చేపల వాసన. మీటింగులో అరిచాను. “మీ వంటింట్లో వంజరం చేప వేగుతుంటే రాని వాసన, అమ్మినామె మెట్లెక్కితే వచ్చిందా?”

“రూల్స్ దానే సార్, రూల్సే కదా” అన్నాడు సెక్రటరీ తాపీగా. తాళం వద్దనేవాళ్లను చేతులెత్తమన్నారు. నాది, అక్కది, రెండే లేచాయి.

“నువ్వు గెలిచిన వాదన ఒకటన్నా ఉండాదా?” అని అక్క నవ్వింది.

ఆమె టెలిస్కోపును గేటు బయట, వీధి దీపం పక్కన పెట్టింది. ఆ వెలుగులో మచ్చలు కూడా కనపడలేదు. “ఎంతసేపు చూసినా నా రెప్పలే కనపడతా ఉండాయక్కా” అని ఒకామె వేళాకోళమాడింది. ఈసారి అక్క నవ్వలేదు. “ఒక్కసారి వీళ్లను పైకి తీసకపోవాల తమ్ముడూ. ఏదన్నా చెయ్యి” అంది. నన్ను ఆమె అడిగింది అదొక్కటే. అర్జీలు పెట్టాను, తిట్టాను, సిగ్గు విడిచి బతిమాలాను. తాళం తియ్యలేదు.

మంగళవారం మధ్యాహ్నం తీశారు. వచ్చిన బంధువులకు కుర్చీలు వెయ్యాలట. ఎంత సులువుగా తీశారో!

బంధువులు మిద్దె దిగాక చేపలామెలు వచ్చారు. గంపలు గేటు దగ్గర దించి, అక్కకు దండం పెట్టుకుని, ఎవరినీ అడక్కుండా పైకెక్కారు. చావు రోజు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

“సార్, అక్క చెప్పే ఆ రెండూ ఇప్పుడు ఏ పక్క ఉంటాయి?” అని ఒకామె నన్నడిగింది.

తెలియదన్నాను.

సెక్రటరీ కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించడం మొదలుపెట్టాడు. వాళ్లు కొంగులు నెత్తిమీదికి లాక్కుని, అరచేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని, తెల్లగా మండుతున్న ఆకాశంలో తలా ఒక దిక్కున వెతుకుతున్నారు.