చదివి వినిపించని వీలునామా

మా రైటర్ తాత పోయాడని పిన్ని ఫోన్ చేసేసరికి నేను హైదరాబాదులో ఆఫీసు మెట్లు ఎక్కుతున్నాను. పొద్దున కాఫీ తాగి, కాసేపు నడుము వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. మా పైఅధికారికి చెబితే రెండు నిమిషాల్లో సెలవిచ్చారు, కారు కావాలా అని కూడా అడిగారు. సెలవు అంత తేలిగ్గా దొరుకుతుందని నాకు అంతకుముందు తెలియదు.

గురజాలలో ఇల్లో పొలమో కొన్నవాళ్ళలో చాలామందికి ఆయన గుర్తుండే ఉంటాడు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల పంచలో ఏళ్ళ తరబడి దస్తావేజులు రాశాడు. మాకు రక్తసంబంధం లేదు. గోడ పక్క ఇల్లు. మా అమ్మ ఆయన్ని బాబాయ్ అని పిలిచేది, అందుకని నాకు తాత, ఆయన కూతురు పిన్ని. మా ఇంట్లో నాకంటే ముందు బడికి వెళ్ళినవాళ్ళు లేరు. అమ్మ మిరపకోతలకు పోతే నేను బడి నుంచి వచ్చి వాళ్ళ వసారాలో కూర్చునేదాన్ని. ఆ రోజు రాసిన దస్తావేజు నకలు నా చేతికిచ్చి చదవమనేవాడు. తూర్పు సరిహద్దు, పడమర సరిహద్దు, అన్నీ. ఎక్కడైనా ఒక్క మాట మింగితే మళ్ళీ మొదటి నుంచి చదవాలి.

ఎవరి చేతనైనా సంతకమో వేలిముద్రో వేయించే ముందు కాగితం మొత్తం గట్టిగా చదివి వినిపించడం ఆయన పద్ధతి. బస్సు పోతుందని జనం తొందరపడినా ఆపేవాడు కాదు. మా ఇంటి స్థలం కాగితం మీద అమ్మ వేలిముద్ర వేసిన రోజు మూడుసార్లు చదివాడు. "చాల్లే బాబాయ్, నాకు నోటికొచ్చేసింది" అంది అమ్మ. "అయితే అప్పజెప్పు" అన్నాడు. అమ్మ సగం దాకా అప్పజెప్పింది కూడా.

నేను లా చదవడానికి ఆ వసారాయే కారణం. ఉద్యోగం వచ్చాక మాత్రం నా పని ఏమిటో ఆయనకు చెప్పడం కష్టమైంది. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటుంటే ఒప్పందాలు తయారుచేస్తామని, సంతకాల పేజీలు విడిగా ముందే తెప్పించుకుని, కాగితం పూర్తయ్యాక జత చేస్తామని ఫోన్లో చెప్పాను. సంతకం పెట్టేవాళ్ళు చదవరా అని అడిగాడు. వాళ్ళ లాయర్లు చదువుతారన్నాను.

"ఏమే, వాళ్ళ బదులు అన్నం కూడా లాయర్లే తింటారా ఏంది?" అన్నాడు.

అప్పటికే చక్కెర జబ్బు ఆయన చూపు తీసేసింది. పోయిన ఎండాకాలం వీలునామా రాస్తానన్నాడు. కొడుకులిద్దరూ నరసరావుపేటలో ఒకరు, మాచర్లలో ఒకరు స్థిరపడ్డారు. పెళ్ళి చేసుకోకుండా, చిన్న బడిలో పాఠాలు చెప్పుకుంటూ, వాళ్ళమ్మను ఆమె పోయేదాకా, తర్వాత తాతను చూసుకున్నది పిన్ని. ఇల్లు ఆమెకే ఉండాలని ఆయన కోరిక. ఆయన ఫోన్లో చెబుతుంటే నేను రాసి పంపాను. పిన్ని అచ్చు తీయించింది. సాక్షులుగా పాస్టర్ గారు, ఎదురింటి మేస్త్రి ఒప్పుకున్నారు. ఇక చదివి వినిపించడమే మిగిలింది. అది నేనే వచ్చి చేయాలన్నాడు.

ఇల్లు ఎవరికి వస్తుందో ఆ మనిషి చదవకూడదని పిన్నిని వద్దన్నాడు. పాస్టర్ గారి చేత చదివించుకోమన్నాను. "ఆయన జాలితో చదువుతాడు. నాకు జాలి వద్దు, ఉన్నది ఉన్నట్టు కావాలి" అన్నాడు. పోనీ ఫోన్లో చదువుతానంటే, "నువ్వు చదివే కాగితం, నేను సంతకం పెట్టే కాగితం ఒకటేనని నాకెట్టా తెలుసుద్ది?" అన్నాడు.

మొదటిసారి గురజాల దగ్గరి నడికుడికి రైలు టికెట్టు తీసుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం పని వచ్చి పడింది, రద్దు చేసుకున్నాను. రెండోసారి సెలవు అడిగితే ఈ ఒప్పందం ముగిశాక వెళ్ళమన్నారు. కోపంగా కూడా అనలేదు. మూడోసారి నేను అడగనే లేదు. కొత్తగా చేరినదాన్ని, ఇంకా ప్రొబేషన్. నాతో చేరినవాళ్ళెవరూ సెలవు పేరెత్తడం లేదు. అమ్మను కోతలు మానమని అప్పుడే చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తుందేమోనని భయం. సాకు చెప్పడం లేదు, అప్పుడు నిజంగా అలాగే అనిపించింది. తాత ఒక్కసారి కూడా నిష్ఠూరమాడలేదు. నీ పని చూసుకో అమ్మాయ్, నేనెక్కడికి పోతాను అనేవాడు.

భూస్థాపన జరిగిన మూడో రోజు ఇంట్లోనే ఆదరణ కూటం పెట్టారు. ప్రార్థన అయి, వచ్చినవాళ్ళు భోంచేసి వెళ్ళాక, పిన్ని బైబిల్లో దాచిన కాగితం తీసి పెద్ద మామయ్యకు ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదువుకుని నా వైపు చాపాడు.

"నువ్వు లాయరువు గదా అమ్మాయ్. ఇది చెల్లుద్దా?"

అది నేను రాసి పంపిందే. ఒక్క తప్పు లేదు. సంతకం చోటు మాత్రం ఖాళీగా ఉంది. అబద్ధం చెప్పాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. చెల్లదు మామయ్యా అన్నాను. ఇల్లు ముగ్గురికీ సమానంగా వస్తుందని కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. నాన్న మనసు మాకు తెలియంది కాదు అన్నాడు చిన్న మామయ్య. మాకూ పిల్లలున్నారు గదా అన్నాడు పెద్ద మామయ్య, తల వంచుకుని. పిన్ని నన్ను ఏమీ అడగలేదు. తిట్టినా బాగుండేది.

ఈ రోజు నేను ఏ కాగితం చూసినా చివరి అక్షరం దాకా చదువుతానంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఆ చదువుతో ఆయనకు కావాల్సింది ఒక్క మధ్యాహ్నం. అది నేను ఇవ్వలేకపోయాను. ఇప్పుడు ఇవ్వడానికి దారి లేదు.

సాయంత్రం సంచి సర్దుకుని బయటికి వచ్చేసరికి పెద్ద మామయ్య ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు, మడమకు వేలు ఆనించి, అడుగు వెనక అడుగు వేసి గది కొలుస్తున్నాడు. ఏడ్చిన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పెదవులు మెల్లగా లెక్కపెడుతున్నాయి. మధ్యలో కూటానికి తెచ్చిన అద్దె కుర్చీలు అడ్డం వచ్చి ఆగాడు. పిన్ని మూల నుంచి లేచి వచ్చి, ఒక్కొక్క కుర్చీ చప్పుడు కాకుండా ఎత్తి పక్కన పెట్టి, ఆయనకు దారి ఇచ్చింది.